వెదికే దేవుడు: పురుషోత్తమ చౌదరి స్మారకోపన్యాసం

(పురుషోత్తమ చౌదరి స్మృతికి అంకితంగా గుమ్మలక్ష్మీపురంలో చేసిన ఉపన్యాసానికి ముద్రణ పాఠం)

పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలోని మదనాపురంలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. పాట కట్టింది తెలుగులో. 1833లో కటకంలో బాప్తిస్మం పొందేనాటికి ఆయనకు ముప్పై ఏళ్లు. అక్కడి నుంచి 1890లో కన్నుమూసేదాకా ఊరూరా తిరిగి సువార్త చెప్పారు, కీర్తనలు రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఏ గుడిలో తెరిచినా పాట పైన రాగం, తాళం ఉంటాయి. చాలాచోట్ల వాటి పక్కన చౌదరి పేరు ఉంటుంది. త్యాగరాజు 1847 దాకా జీవించారు. అంటే తెలుగు కీర్తన నిండుగా పండుతున్న కాలంలోనే చౌదరి కలం పట్టారు. భక్తుడు దేవుణ్ణి బతిమాలడం, నిలదీయడం, చివరకు కాళ్ల మీద పడడం తెలుగు కీర్తనకు కొత్త కావు. ఆ పలుకుబడినంతా ఆయన యేసు ముందుకు తీసుకొచ్చారు.

ఆయన పాటల్లో వాదం తక్కువ, మొర ఎక్కువ. పాపినని ఒప్పుకునే గొంతు అది. అయితే ఆ గొంతులో వణుకు కంటే నమ్మకమే బలంగా వినిపిస్తుంది. మొర వినేవాడి గుణం ముందే తెలిసినవాడు పెట్టే మొర అది. దేవుడు ఉన్నాడా లేడా అన్న ప్రశ్న చౌదరిని అంతగా వేధించినట్టు కనిపించదు. ఉన్న దేవుడు ఎలాంటివాడు, దోషి ఎదుటికి వస్తే ఏం చేస్తాడు అన్నదే ఆయన జీవితాన్ని తిప్పిన ప్రశ్న. పర్లాకిమిడికి ఎంతో దూరం లేని ఈ కొండల్లో, సవర, జాతాపు, గదబ పల్లెల మధ్య నేటికీ బతికున్న ప్రశ్న అదే. ఆయన పేరిట జరిగే ఉపన్యాసానికి ఇంతకంటే తగిన విషయం లేదు.

క్రైస్తవ విశ్వాసం ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబును కుదించి చెబితే ఇది: దేవుడు ఎలాంటివాడో ఆయన చేసిన పనుల్లో తెలుస్తుంది, ఆ పనులన్నిటిలో ఆయన తప్పిపోయినవాణ్ణి వెదుకుతూ వస్తాడు. తక్కిన గుణాలన్నీ, పరిశుద్ధత, న్యాయం, చివరకు కోపం కూడా, ఆ వెదకడంలో భాగమే. ఈ మాట నిజమైతే సంఘాలు మానుకోవలసిన అలవాట్లు కొన్ని ఉన్నాయి, తిరిగి నేర్చుకోవలసినవీ కొన్ని ఉన్నాయి.

కొండమీది ప్రశ్న

మన్యంలో జ్వరం పట్టి మూడు రోజులు వదలకపోతే ఇంట్లో పుట్టే మొదటి అనుమానం ఏమిటో ఇక్కడివారికి తెలుసు. ఎవరు అలిగారు? ఏ మొక్కు తీరలేదు? ముహూర్తాలు పెట్టే దిసరి రోజు చూస్తాడు, మంత్రవైద్యుడు ఎజ్జోడు కారణం చెబుతాడు, కోడో మేకో పోతుంది. ఇంట్లో లేకపోతే సావుకారి దగ్గర అప్పు పుడుతుంది. రోగం ఒకసారి వచ్చి పోతుంది, అప్పు పోదు. మలేరియా కాలంలో ఈ చక్రంలో పడి నలిగిన కుటుంబాలు ఎన్నో.

అయితే ఆదివాసుల మతమంతా భయమేనని అనడం అన్యాయం. మామిడి కొత్త, కంది కొత్త పండుగలు చేసేటప్పుడు జాతాపు పల్లెలో తొలి పంట దేవతకు చూపించిగాని ఎవరూ నోట పెట్టరు. అది కృతజ్ఞత. ఇశ్రాయేలీయులు ప్రథమ ఫలాలు తెచ్చి దేవుని సన్నిధిలో పెట్టడం చదివినవారికి ఈ పండుగ పరాయిగా తోచదు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద పెద్ద గ్రంథమే ప్రచురించారు. ఒరిస్సా వైపు సవర కొండల్లో 1970ల నుంచి ఏళ్ల తరబడి తిరిగిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ ఇంకాస్త లోతుకు వెళ్లారు. అక్కడ చనిపోయినవారు పూనకం వచ్చిన స్త్రీ నోట మాట్లాడతారు. బతికున్నవాళ్లు వాళ్లతో ఏడుస్తారు, దెబ్బలాడతారు, లెక్కలు తేల్చుకుంటారు. చనిపోయినవాడు ఏ జబ్బుతో పోయాడో ఆ జబ్బునే తన ప్రియమైనవారికి తెచ్చిపెడతాడని నమ్మకం. ప్రేమా భయమూ ఒకే చేతి నుంచి వస్తాయి.

ఆ కొండల్లోనే తర్వాతి తరం పెద్ద సంఖ్యలో బాప్టిస్టు సంఘాల్లోకి వెళ్లింది. విటెబ్‌స్కీ 2017లో వెలువరించిన పుస్తకంలో ఆ మార్పును దగ్గర నుంచి చూపించారు. యువకులకు చదువు వచ్చింది, బలుల ఖర్చు తప్పింది, పితరులు దాడి చేస్తారన్న బెదురు పోయింది. అదే సమయంలో చనిపోయినవారితో మాట్లాడే దారి మూసుకుపోయి, కొందరి దుఃఖానికి చోటు లేకుండా పోయింది. ఈ రెండూ నిజాలే. మొదటిదానికి సంఘం సంతోషించవచ్చు. రెండోదానికి జవాబు చెప్పుకోవలసింది కూడా సంఘమే.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. మతం మారినంత మాత్రాన దేవుని గురించిన ఊహ మారదు. అలిగే దేవత స్థానంలో అంతకంటే పెద్దగా అలిగే దేవుణ్ణి కూర్చోబెట్టడం చాలా సులువు. కోడి బదులు కానుక, ఎజ్జోడి బదులు ప్రార్థన చేసే ప్రసంగీకుడు. రోగం తగ్గకపోతే విశ్వాసం చాలలేదని, ఇంట్లో దాచిన పాపం ఉందని, తాతల నాటి శాపం వెంటాడుతోందని అదే పాత కారణం కొత్త మాటల్లో వినిపిస్తుంది. పేరు యేసుదే అయినా ఆ ఇంట్లో రాజ్యమేలేది పాత భయమే.

లేఖనంలో దేవుని స్వపరిచయం

బైబిల్లో దేవుడు తన గుణాన్ని తానే చెప్పుకున్న ఘట్టం నిర్గమకాండం 34వ అధ్యాయంలో ఉంది. సందర్భం తెలియకపోతే ఆ మాటల బరువు తెలియదు. బానిసత్వం నుంచి విడిపించబడిన ప్రజలు కొద్ది నెలలకే బంగారు దూడ పోసుకుని మొక్కారు. మోషే కోపంతో రాతిపలకలు పగలగొట్టాడు. నిబంధన ముక్కలైంది. ఏ రాజైనా శిక్ష ప్రకటించే ఆ ఘడియలో దేవుడు మోషే ఎదుట తన పేరు ప్రకటించుకుని, తాను కనికరం గలవాణ్ణని, దయాళువునని, త్వరపడి కోపించనని, కృపాసత్యాలు నిండుగా ఉన్నవాణ్ణని, అలాగని దోషాన్ని చూసీచూడనట్టు వదలనని చెబుతాడు. విరిగిన పలకల స్థానంలో కొత్త పలకలు చెక్కమంటాడు.

ఈ పరిచయం ఇశ్రాయేలు జ్ఞాపకంలో అంతగా నాటుకుపోయింది కనుకనే సంఖ్యాకాండంలో, నెహెమ్యాలో, 86, 103, 145 కీర్తనల్లో, యోవేలులో మళ్లీ మళ్లీ మారుమోగుతుంది. అన్నిటికంటే విచిత్రమైన చోటు యోనా గ్రంథం. అక్కడ ప్రవక్త ఈ గుణాలనే ఫిర్యాదుగా ఎత్తి చూపుతాడు. శత్రునగరం నీనెవె నాశనమవుతుందని ప్రకటించి వచ్చాడు, ప్రజలు మనసు మార్చుకున్నారు, దేవుడు క్షమించాడు. నీవు ఇలాంటివాడివని తెలిసే మొదట పారిపోయానని యోనా అలుగుతాడు. అలిగినవాడు మనిషి, బుజ్జగించినవాడు దేవుడు. లక్షా ఇరవై వేలకు పైగా మనుషులున్న ఊరి మీద, అందులోని పశువుల మీద కూడా, తనకు జాలి ఉండకూడదా అని దేవుడు అడిగిన ప్రశ్నతో ఆ పుస్తకం ముగుస్తుంది. యోనా జవాబు అందులో లేదు. చదివేవారే చెప్పుకోవాలి.

శాపం మాట కూడా తేల్చుకోవాలి. నిర్గమకాండంలో ఆ వాక్యంలోనే తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా వెళ్తుందని ఉంది, నిజమే. వంశపారంపర్య శాపాలు తెంచుతామని సభలు పెట్టేవారు ఆ ముక్కనే పట్టుకుంటారు. అదే వాక్యంలో కృప వేల తరాలకు నిలుస్తుందని ఉన్నది చదవరు. మూడు నాలుగు ఒకవైపు, వేలు ఒకవైపు. తూకం ఎటు మొగ్గుతుందో చదువు రానివారు కూడా చెప్పగలరు. అంతటితో ఆగలేదు. చెర కాలంలో, తండ్రులు పుల్లని కాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెత జనం నోట నానుతుంటే, యెహెజ్కేలు ప్రవక్త 18వ అధ్యాయమంతా దాన్ని ఖండించడానికే వినియోగించాడు. కొడుకు తండ్రి దోషాన్ని మోయడని, ఎవరి లెక్క వారిదేనని దేవుని పేరిట తేల్చి చెప్పాడు. ఈ అధ్యాయం చదివినవారు తాతల శాపం పేరిట ఎవరి దగ్గరా కానుక తీసుకోలేరు.

రోగానికి, పాపానికి ముడిపెట్టే అలవాటుకు బైబిలు ఇచ్చిన జవాబు ఇంకా సూటిగా ఉంది. యోబు స్నేహితులు పెద్ద పండితులు. ఇంత కష్టం వచ్చిందంటే నీవేదో చేసి ఉంటావని అధ్యాయాల తరబడి వాదించారు. చివర్లో దేవుడు వాళ్లను మందలించాడు. తన గురించి సరిగా మాట్లాడింది మీరు కాదు, యోబు అన్నాడు. ఒంటినిండా పుండ్లతో బూడిదలో కూర్చుని దేవుణ్ణి నిలదీసినవాడి మాట నిలబడింది, దేవుణ్ణి వెనకేసుకొచ్చినవారి మాట తప్పయింది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, పాపం వీడిదా, వీడి కన్నవాళ్లదా అని శిష్యులు అడిగారు. ఇద్దరిదీ కాదన్నాడు యేసు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు కూడా, వాళ్లు మిగతావారికంటే ఎక్కువ పాపులని అనుకోవద్దని హెచ్చరించాడు. ఇంత స్పష్టంగా చెప్పిన తర్వాత కూడా మంచాన పడ్డవాడి ఎదుట పాపం లెక్కలు తీయడం యోబు స్నేహితుల పక్షం చేరడమే.

ఆయన కోపం ఎవరి మీద

దయ గురించి ఇంతగా చెబితే, మరి కోపం సంగతేమిటని అడిగేవారు ఉంటారు. పాత నిబంధన దేవుడు కోపిష్ఠి, కొత్త నిబంధన దేవుడు దయాళువు అన్న మాట ఇప్పటికీ గుళ్లలో వినబడుతుంది. ఆ మాట కొత్తది కాదు. మార్కియన్ అనే ఆయన రెండో శతాబ్దంలో సరిగ్గా ఇదే బోధించి, ఇద్దరు దేవుళ్లున్నారన్నాడు. రోమ్ సంఘం 144లో ఆయన్ని వెలివేసింది. హోషేయలో తప్పిపోయిన భార్య కోసం కుమిలే భర్తలా కనిపించే దేవుడు పాత నిబంధనలోనే ఉన్నాడు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టనివారిని తీర్పులో నిలబెట్టే మాటలు మత్తయి 25లో యేసు నోటి నుంచే వచ్చాయి.

కాబట్టి కోపం ఉంది. అది ఎవరి మీదో చూడాలి.

సమరయ రాజు అహాబుకు నాబోతు ద్రాక్షతోట మీద కన్ను పడింది. డబ్బిస్తానన్నాడు, బదులు తోట ఇస్తానన్నాడు. పితరుల స్వాస్థ్యం అమ్మనన్నాడు నాబోతు. రాణి యెజెబెలు రాజముద్ర వేసి ఉత్తరాలు పంపింది, ఇద్దరు దొంగసాక్షులు వచ్చారు, న్యాయం పేరిటే నాబోతును రాళ్లతో కొట్టి చంపారు. రాజు తోటలో అడుగుపెట్టిన వేళకు ఏలీయా ఎదురొచ్చాడు. చంపింది చాలక ఆక్రమించుకున్నావా అన్నది దేవుడు పంపిన ప్రశ్న. 1 రాజులు 21లోని ఈ కథను గుమ్మలక్ష్మీపురం, కురుపాం సంతల్లో చదివితే వివరించి చెప్పే పని లేదు. ముద్రలు, కాగితాలు, సాక్షులు అన్నీ సక్రమంగా ఉండి భూమి చేతులు మారిన సంగతులు ఈ కొండల చరిత్ర నిండా ఉన్నాయి. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే గిరిజనులు తుపాకీ గుండ్లకు బలవడం, దాని వెనుక శ్రీకాకుళ పోరాటం రగలడం, ఆదివాసి భూమి గిరిజనేతరుల పేరిట మారకుండా 1970లో 1/70 నిబంధన రావడం, 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఆ రక్షణను మరింత గట్టిగా నిలబెట్టడం ఇక్కడి పెద్దలకు పుస్తకాల్లో చదివి తెలుసుకున్న విషయాలు కావు.

భూమి తనదని, మనుషులు దానిలో కాపురమున్నవారేనని, యాభయ్యో ఏట అప్పుల కింద పోయిన భూమి పాత కుటుంబానికి తిరిగి చేరాలని లేవీయకాండం 25లో దేవుడు ఆజ్ఞాపించాడు. చెప్పుల జత విలువకు పేదవాణ్ణి అమ్ముకునేవారి మీద ఆమోసు ప్రవక్త నిప్పులు కురిపించాడు. బైబిల్లో దేవుని కోపాన్ని జాగ్రత్తగా వెంబడిస్తే అది ఎక్కువసార్లు దారితీసేది ఇలాంటి గుమ్మాలకే. జ్వరంతో మూలుగుతున్న పసిపిల్ల మంచం దగ్గరికి కాదు. తోట పోయినవాడి తరఫున కోపం రాని దేవుణ్ణి ప్రేమామయుడని పిలవలేం. ప్రేమకు అన్యాయాన్ని చూసి రగిలే గుణం లేకపోతే అది ఉదాసీనతే.

యేసు ముఖంలో

325లో నైసియాలో సంఘ పెద్దలు కూర్చుని వాదించుకున్న విషయం పండితుల మాటల పోరుగా పైకి కనిపిస్తుంది. లోపలి ప్రశ్న సామాన్యుడిదే. యేసులో కనిపించిన గుణం దేవుని సొంత గుణమేనా, లేక దేవుడు పంపిన ఒక గొప్ప జీవి గుణమా? రెండోదే నిజమైతే యేసు వెనుక మనకు తెలియని ఇంకో ముఖం ఉండవచ్చు. ఆ ముఖం ఎలాంటిదోనన్న భయం ఎన్నటికీ తీరదు. తండ్రికి, కుమారునికి తత్వం ఒక్కటేనని నైసియా తీర్మానించడం వల్ల విశ్వాసికి దొరికిన ఊరట ఇది: యేసు వెనుక దాక్కున్న వేరే దేవుడు లేడు.

అందుకే యేసు చేసిన పనులను దేవుని గుణానికి సాక్ష్యంగా చదవాలి. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో కుష్ఠురోగి వచ్చి, నీకిష్టమైతే బాగుచేయగలవన్నాడు. శక్తి మీద అతనికి అనుమానం లేదు, ఇష్టం మీదే అనుమానం. యేసు ముందు చేయి చాపి ముట్టుకున్నాడు, తర్వాత ఇష్టమేనన్నాడు. ఊరు వెలివేసిన ఒంటిని తాకడంలోనే సగం జవాబు ఉంది. లూకా 15లో తొంభై తొమ్మిది గొర్రెలను వదిలి ఒక్కదాని కోసం కాపరి వెళ్తాడు. ఒక్క నాణెం కోసం స్త్రీ దీపం పెట్టి ఇల్లంతా ఊడుస్తుంది. ఆస్తి తగలేసిన కొడుకు దూరాన కనబడగానే తండ్రి పరుగెత్తుతాడు. పెద్ద కొడుకు అలిగి బయట నిలబడితే వాడి కోసం కూడా బయటికొస్తాడు. మొదటి రెండు కథల్లో వెదకడం మొదలుపెట్టింది పోగొట్టుకున్నవారే; మూడోదాంట్లో కొడుకే లేచి వచ్చినా తండ్రి ఎదురు పరుగెత్తాడు. తప్పిపోయింది దారి కనుక్కుని రావాలని ఎదురుచూస్తూ కూర్చోలేదు.

ఈ గుణం తెలుగునేల మీద ఎలా పనిచేసిందో చరిత్రలో కనబడుతుంది. జర్మనీలోని బ్రెక్లుం నుంచి లూథరన్ మిషనరీలు 1882లో వచ్చి కోరాపుట్, సాలూరు, పార్వతీపురం ప్రాంతాల్లో పని మొదలుపెట్టారు. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠువ్యాధి ఆసుపత్రి ఆ సంప్రదాయం నుంచి వచ్చినదే. చుట్టాలు కూడా తాకని చేతులకు అక్కడ కట్లు కట్టారు. ఆ కట్లను మించిన ప్రసంగం ఈ జిల్లాలో ఎవరూ చేయలేదు.

ఒంగోలు కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడ చేరినప్పుడు పెద్ద కులాల పిల్లలు ఆయన బడిలో చదువుకోవడానికి వచ్చారు. అదే సమయంలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ భక్తుడు, తోలు వ్యాపారం చేసుకునేవాడు, విశ్వాసంలోకి వచ్చాడు. ఆయన వెంట ఆయన జనం వచ్చారు. వాళ్లను చేర్చుకుంటే మేము వెళ్లిపోతామన్నారు పెద్ద కులాల పిల్లలు. ఏంచేయాలో తోచక క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచారట. ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించింది. లోకం తక్కువగా చూసినవారిని దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. బడి ఖాళీ అయినా తలుపు మూయలేదు. పదేళ్లు తిరిగేసరికి 1876-78 నాటి ధాతు కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కంట్రాక్టుగా తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. అన్నం కోసం మతంలోకి వస్తున్నారన్న మచ్చ పడకూడదని కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను సంఘాలు గర్వంగా చెప్పుకుంటాయి. అంతకు ముందు కరువు నెలల్లో బాప్తిస్మాలు ఆపి ఉంచిన నిగ్రహమే దేవుని గుణానికి దగ్గరగా ఉంది. ఆకలిని ఎరగా వాడుకోని ప్రేమ అది.

బాధకు చోటు

దేవుడు బాధపడతాడా? పాత వేదాంతులు చాలామంది పడడన్నారు. మార్పులేనివాడికి బాధ ఎలా అంటుతుందని వారి వాదం. ఇరవయ్యో శతాబ్దపు యుద్ధాలు ఆ జవాబును కదిలించాయి. ఓడిపోయి బూడిదైన జపాన్‌లో కితమోరి కజో 1946లో దేవుని వేదన మీద పుస్తకం రాశారు. యుద్ధఖైదీగా ఉండి వచ్చిన జర్మన్ వేదాంతి యూర్గెన్ మోల్ట్‌మన్ 1972లో సిలువ వేయబడిన దేవుని గురించి రాశారు. సిలువ మీద కుమారుడు పడిన బాధ తండ్రి హృదయానికి బయట జరిగింది కాదని ఇద్దరూ తమ తమ దారుల్లో చెప్పారు.

తెలుగులో ఈ సంగతిని వేదాంతుల కంటే లోతుగా పట్టుకున్నవాడు కవి. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా అంటరానితనం రుచి చూసి పెరిగారు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అవమానం తిన్నవాడు అవమానం తిన్న క్రీస్తును రాస్తే అది వర్ణన దగ్గర ఆగదు, బంధుత్వం అవుతుంది.

విటెబ్‌స్కీ చూపిన ఆ దుఃఖానికి చోటు ఇక్కడే దొరకాలి. బైబిల్లోని కీర్తనల గ్రంథంలో పెద్ద భాగం విలాపాలే. 88వ కీర్తనైతే చివరిదాకా చీకటిలోనే ఉండి చీకటిలోనే ఆగిపోతుంది; స్తుతితో అతుకు వేయలేదు. అలాంటి పాటను తన గ్రంథంలో ఉండనిచ్చిన దేవుడు మనిషి ఏడుపుకు బెదిరేవాడు కాడు. సవర ఇంట్లో బిడ్డ పోతే, ఆ తల్లి రాత్రంతా చనిపోయిన బిడ్డ పేరు పెట్టి పిలిచి ఏడిస్తే, విశ్వాసులు ఏడవకూడదని ఆమె నోరు మూయించడం ఈ కీర్తనను బైబిల్లోంచి చింపేయడంతో సమానం. లాజరు సమాధి దగ్గర, కొద్ది నిమిషాల్లో అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా, యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. చనిపోయినవారు మనల్ని పట్టుకోవడానికి రారని చెప్పడం సువార్త. వారిని తలుచుకుని దేవుని ఎదుట గొంతెత్తి ఏడవవచ్చని చెప్పడమూ సువార్తే.

ఆ ఏడుపు అర్థం కావాలంటే, దేవుని గుణం గురించి మాట్లాడేవారు మనుషుల భాష కూడా నేర్చుకోవాలి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి సవర నేర్చుకోవడానికి ఈ అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. అయినా సవరలకు సొంత ఖర్చుతో బడులు పెట్టారు, వాచకాలు రాశారు, నిఘంటువు కట్టారు. ఆయన మతబోధకుడు కాదు. వెదుక్కుంటూ వెళ్లి మూల్యం చెల్లించినవాడు. చౌదరి కీర్తించిన దేవుని పోలిక గిడుగులో కనబడితే విశ్వాసులు ఆశ్చర్యపోనక్కర్లేదు. మంచి సమరయుని కథ చెప్పిన యేసు ఆ పోలికను ఎక్కడ వెదకాలో ముందే చూపించాడు.

సంఘాలకు విన్నపం

చౌదరిని గౌరవించడమంటే ఆయన పాటలు పాడడంతో పాటు, ఆయన నమ్మిన దేవుని గుణానికి తగినట్టు సంఘం నడవడం. ఈ కొండల్లోని పాస్టర్లకు, పెద్దలకు, యువజనులకు ఈ వేదిక నుంచి నాలుగు విన్నపాలు.

రోగి ఇంట్లో అడుగుపెట్టగానే పాపం సంగతి ఎత్తకండి. ముందు డోలీ ఏర్పాటు చేయండి, భద్రగిరి ఆసుపత్రికో పార్వతీపురానికో పంపించండి, వెంట వెళ్లండి, దారంతా ప్రార్థన చేయండి. మందు మానేస్తేనే విశ్వాసమని ఎవరైనా బోధిస్తే, ఆ బోధ యేసు చూపిన దేవునిది కాదని సంఘం ముందే చెప్పండి.

శాపాలు తెంచే కానుకలు, స్వస్థతకు వెలలు ఆపండి. యెహెజ్కేలు 18వ అధ్యాయాన్ని ప్రతి సంఘంలో ఒక ఆదివారం పూర్తిగా, సవరలోనూ తెలుగులోనూ చదివించండి.

భూమి పోగొట్టుకున్న కుటుంబం ఏ మతానిదైనా వారితో కలిసి గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయానికి వెళ్లండి. 1/70 ఏం చెబుతుందో యువకులకు నేర్పండి. నాబోతు కథ చెప్పి ఊరుకుంటే ఏలీయా పని సగంలో ఆగిపోతుంది.

చావు ఇంట్లో ఏడ్చేవారిని ఏడవనివ్వండి. పల్లె పూజారి జన్ని ఇంటికి, ఎజ్జోడి ఇంటికి కూడా కష్టంలో వెళ్లి పలకరించండి. వారిని ఎగతాళి చేసే ప్రసంగాలు మానండి. తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్లే కాపరిని ప్రకటించే సంఘం, వాగు దాటి అవతలి గూడేనికి ముందుగా తానే వెళ్లాలి. ఈ వారంలోనే వెళ్లండి.